ఆషాఢానికి ముందే పొంగిన పాలు

బెళ్ళందూరులో బాడుగ ఇండ్లు చూపించి బతికేవాడికి ఏడాదంటే పదకొండు నెలలే. ఆషాఢం లెక్కలోకి రాదు. ఆ నెల్లో ఎవరూ ఇల్లు మారరు, ఎవరూ పాలు పొంగించరు. పొద్దస్తమానం కంప్యూటరు ముందర కూర్చుని పరాయి దేశాలతో మాట్లాడే పిల్లోడు కూడా ఆషాఢమనేసరికి ‘మమ్మీ వద్దంటోంది అంకుల్’ అని ఫోను పెట్టేస్తాడు. అట్లాంటి నెలను కూడా నెలగా చేసుకున్నోణ్ణి నేను.

ఉపాయం పెద్దదేం కాదు. జ్యేష్ఠం అయిపోకముందే ఒక మంచి దినం చూసి కొత్తింట్లో పాలు పొంగించేయాల. పొంగిన గిన్నె ఆ పొయ్యి మీదనే వదిలిపెట్టాల. ఉప్పు, పసుపు, ఒక దీపం. ఆ ఇంట్లో ఎంతమంది కాపురం ఉంటారో అంతమందివీ తలా ఒక వస్తువు, కట్టి విడిచిన గుడ్డయితే మరీ మేలు, గూట్లో పెట్టి బీగం వేసేయాల. అంతే, మీరు ఇంట్లో చేరినట్టే. సామాను ఆషాఢంలో ఏ దినం దించినా దోషం లేదు. ఇది ఎవరు చెప్పినారు అంకుల్ అని అడిగితే, పెద్దోళ్ళ మాటప్పా అంటాను. ఆ పెద్దోణ్ణి నేనే. ఓనరుకు బాడుగ ముందే మొదలవుతాది, నా కమీషను నాకొస్తాది, వాళ్ళమ్మకు మనశ్శాంతి. ఎవరికీ నష్టం లేదు.

ఈ కాలం పిల్లోళ్ళ దగ్గర గిన్నె యాడుంటాది? అన్నం ఫోన్లో నుంచి వస్తాది. అందుకని మా ఇంటి ఇత్తడి గిన్నె నేనే తీసకపోయి ఇస్తాను. వాళ్ళు సామాను దించేదాకా అది ఆ పొయ్యి మీదే ఉంటాది, తర్వాత పోయి తెచ్చుకుంటాను. ఆ గిన్నె నాది కూడా కాదు. నా పెండ్లాం సత్యభామకు మడకశిరలో వాళ్ళమ్మ ఇచ్చింది.

“ఊరందరి ఇండ్లల్లోనూ పాలు పొంగించినాది నా గిన్నె,” అనేది సత్యభామ, చింతపండు పెట్టి దాన్ని తోముతా. “మన ఇంట్లో ఒక్కతూరి పొంగలే.”

నిజమే. మేము పిల్లప్ప వెనకింట్లో చేరింది నడి ఆషాఢంలోనే. అప్పటికి ఉన్న ఇల్లు పడగొడతాండారని ఉన్నపళాన సామాను ఎత్తుకొచ్చినాము. పిల్లప్ప మా ఓనరు. ఒకప్పుడు ఈడంతా ఆయన రాగి చేను. ఇప్పుడు చేను లేదు, ముందర మూడంతస్తుల బిల్డింగు, వెనక మేము. పాలు తర్వాత పొంగిస్తాములే అన్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. మా పిల్ల హరిణి ఆ ఇంట్లోనే నడక నేర్చింది, కాలేజీ కూడా ముగించింది.

పోయిన ఏడాది ఎండాకాలంలో మొదలైంది ఇదంతా. ఇండ్లు కాళీ చేసేవాళ్ళను నేను మామూలుగా అడుగుతాను, యాడికప్పా అని. వైట్‌ఫీల్డు అనో, పెండ్లయింది అనో చెప్తారు. ఆ ఏడు ఒకడు వైజాగు అన్నాడు. పోతే పోయినాడులే అనుకున్నాను. తర్వాత ఇంకొకడు, ఆ పై వారం ఒక జంట. కంపెనీలు ఆడ ఆఫీసులు తెరస్తాండాయంట. బ్రోకర్ల గ్రూపులో ఎప్పుడూ అమ్మకానికి సర్జాపురం సైట్లు, హొసకోటె సైట్లు పెట్టేవాళ్ళు. వాళ్ళే ఇప్పుడు ‘సముద్రం కనిపించే ఫ్లాట్లు’ అని పెడతాండారు. ఫోటోలో కొబ్బరి చెట్టు ఒకటి, దాని వెనక నీలంగా ఒక గీత. వైజాగు దిక్కు మధురవాడలో బాడుగలు ఎంత పెరిగినాయో, ఇంకెంత పెరగబోతాయో పొద్దున లేస్తే అదే పురాణం. మా సందుల్లో మాత్రం టూలెట్టు బోర్డులు ఎండకు వెలిసిపోయి, వాటి మీద నా నంబరే నాకు కనపడకుండా పోతాంది.

“ఉప్పు గాలికి గేట్లు కూడా తుప్పు పట్టిపోతాయి ఆడ,” అన్నాను ఇంట్లో. “మనిషి పట్టడా? పోయినోళ్ళు పోయినట్టే తిరిగొస్తారు, చూడు.”

సత్యభామ ఏమీ అనలేదు. ఆమె మడివాళలో ఒక పీజీలో, అంటే ఉద్యోగాల పిల్లోళ్ళ హాస్టల్లో, వంట చేస్తాది. అనలేదంటే ఆమె దగ్గర ఏదో మాట ఉండాదని అర్థం.

ఆ మాట ఆదివారం నాడు కారేసుకుని మా ఇంటికే వచ్చింది. పీజీ ఓనరు గిరిధర్. గుంటూరాయన, తెల్లగా, మెత్తగా, ప్రతి మాటకీ అండి అంటాడు. మామిడిపండ్ల పెట్టె తెచ్చినాడు. ఊరికే పండ్లు తెచ్చేవాణ్ణి నేను నమ్మను.

“మధురవాడలో రెండు బిల్డింగులు తీసుకున్నానండి ఆవులప్ప గారూ. నా పీజీ పిల్లలు సగంమంది అటే వెళ్తున్నారు. వాళ్ళు అడిగేది ఒక్కటేనండి, ఆంటీ వస్తున్నారా అని. ఏసీ ఉందా అని కూడా అడగటం లేదు.”

“ఆంటీకి ఇల్లుండాది ఈడ,” అన్నాను.

“అక్కడా చూశానండి. రెండు గదులు, బాల్కనీ. అద్దె నేను కట్టుకుంటాను. హరిణికి ఆఫీసులో కూర్చునే పని. మీకూ పనికి లోటుండదండి. అక్కడ ఇల్లు అడిగేవాళ్ళు ఎక్కువ, చూపించేవాళ్ళు తక్కువ.”

“ఈ వయసులో కొత్త ఊర్లో సందులు నేర్చుకునేదానికి నేనేమన్నా పోస్టుమ్యానా?”

గిరిధర్ నవ్వినాడు. హరిణి నవ్వలేదు. సత్యభామ వంటింటి గడప మీద నిలబడి చెంగుతో చేతులు తుడుచుకుంటాంది. ఎప్పుడో తడి ఆరిపోయినాయి ఆ చేతులు.

“ఆషాఢం రాకముందే చెప్తే ఫ్లాటు ఆపుతానండి,” అన్నాడాయన.

“ఇప్పుడే చెప్తాండా. రాదు. వేరే మనిషిని చూసుకోండి.”

ఆయన సత్యభామ వైపు చూసినాడు. ఆమె మామిడిపండ్లు పెట్టెలో నుంచి తీసి బుట్టలో సర్దుతాంది. కారు పోయినాక హరిణి నా ముందరకొచ్చి నిలబడింది.

“అమ్మను అడిగినాడు నాయినా ఆయన. నిన్ను కాదు.”

“నువ్వు పో లోపలికి.”

“ఈడ యాడుండాది లోపల? ఉండేదే రెండు గదులు.”

పిల్ల లోపలికి పోయి తలుపేసుకుంది. సత్యభామ అప్పుడు మాట్లాడింది, గొంతు పెంచకుండా. గొంతు పెంచితే నాకు సులభంగా ఉండేది.

“మనం ఈ ఊరికి ఎందుకొచ్చినాము? మీ నాయిన గోడలు కట్టేదానికి వచ్చినాడు. గోడలు యాడ లేస్తే ఆడికి వచ్చినాడు. నేను వండేది పిల్లోళ్ళకు. వాళ్ళు యాడ తింటారో ఆడ వండాల. ఇందులో నీకు అర్థం కానిది ఏముండాది?”

“ఆ ఊరి చెమటకు నువ్వు తట్టుకోలేవు.”

“పొయ్యి ముందర నిలబడేదానికి చెమట గురించి చెప్తావా? నీకు చెమటా కాదు, సముద్రమూ కాదు భయం. ఆడికి పోతే ఇల్లు చూపించేవాడివి కావు, ఇల్లు అడిగేవాడివి అవుతావు. అదీ నీ భయం.”

నేను చొక్కా వేసుకుని బయటికి పోయినాను. ఏడో తరగతితో బడి మానేసి ఇటుకలు మోసినోణ్ణి. ఎవరి గేటు ముందర నిలబడినా ఏం కావాల అని కుక్కను అడిగినట్టు అడిగేవాళ్ళు. ఇండ్ల బీగంచేతులు నా చేతికొచ్చినాకనే నన్ను ఆవులప్పా అని పేరు పెట్టి పిలిచినారు. ఇప్పుడు ఫోన్లోనే ఇండ్లు దొరుకుతాయి, ‘బ్రోకర్లకు ప్రవేశం లేదు’ అని రాసి మరీ పెడతారు, అయినా చివరకు నీళ్ళ ట్యాంకరోడి నంబరు కోసం నాకే చేస్తారు. ఈ ఊర్లో ఏ బోరులో నీళ్ళుండాయో, ఏ ఓనరు భార్య గయ్యాళో నాకు తెలుసు. ఆ ఊర్లో నాకేం తెలుసు?

తర్వాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేను గెలిచినాననుకున్నాను.

జ్యేష్ఠం చివర్లో సత్యభామ నంద్యాలకు పోయొస్తానంది. వాళ్ళక్క మనవరాలికి పేరు పెడతాండారంట. హరిణిని కూడా తీసకపోతానంది. పొద్దున్నే బ్యాగు సర్దుకుని, నేను గడ్డం గీసుకుంటా ఉంటే వెనకొచ్చి నిలబడింది.

“నీ చొక్కా ఒకటి ఇయ్యి.”

“దేనికి?”

“ఊరికే. విడిచిందైనా పర్వాలేదు.”

“ఉండేవే రెండు తెల్లవి. ఓనర్ల ముందరికి అంగీ లేకుండా పోవాల్నా? బొక్కలు పడిన బనీను ఉండాది, ఆ తీగ మీద. అది తీసుకో, మసిగుడ్డకు పనికొస్తాది.”

అద్దంలో ఆమె ముఖం నాకు సగమే కనపడతాంది.

“బనీను వద్దులే,” అని బ్యాగు ఎత్తుకుంది.

మడివాళలో బస్సు కాడిదాకా ఆటోలో దిగబెడతానంటే వద్దంది.

ఆ మర్నాడు లలిత్, శ్రీజ అని ఒక కొత్త జంటకు పాలు పొంగించాల. ఆషాఢానికి ముందు అదే చివరి మంచి దినం. పిల్ల విజయవాడ, పిల్లోడు వరంగల్లు. నేను గిన్నె కోసం అలమారలో చూసినాను, లేదు. మంచం కింద, సజ్జ మీద వెతికినాను, పిల్లప్ప వాళ్ళింట్లో కూడా అడిగినాను. అలమారలో అది ఉండే చోట గుండ్రంగా ఒక మచ్చ, అంతే. టైమయిపోతాందని స్టీలు గిన్నె ఒకటి పట్టుకుని పోయినాను.

కాళీ ఇల్లు. మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడతాయి. శ్రీజ పొయ్యికి బొట్టు పెట్టి పాలు పోసింది. లలిత్ ఫోను పైకి పట్టుకుని వాళ్ళమ్మకు వీడియోలో చూపిస్తాండాడు.

“అంకుల్, ఈస్ట్ ఇటేనా? మమ్మీ అడుగుతున్నది.”

“అటే. మీ మమ్మీకి చెప్పు, ఈ ఇంట్లో ఎటు చూసినా ఈస్టే.”

వాళ్ళు నవ్వుతాండగా నేను కిటికీ కాడికి పోయి సత్యభామకు ఫోను చేసినాను. చాలాసేపటికి ఎత్తింది.

“గిన్నె యాడ పెట్టినావే? ఇల్లంతా వెతికినాను.”

“నేను తెచ్చుకున్నాను.”

“పేరు పెట్టేదానికి గిన్నె ఎందుకు? మీ అక్క ఇంట్లో గిన్నెలు లేవా?”

ఫోన్లో గాలి హోరు. నంద్యాలలో అంత గాలి నేనెప్పుడూ వినలేదు.

“యాడుండావు?” అన్నాను.

“గిన్నె పొయ్యి మీద ఉండాది,” అంది. “ఇంక అది ఆడనే ఉంటాది.”

ఫోను పెట్టేసింది. నేను ఇంకా చెవికి పెట్టుకునే ఉండాను.

“అంకుల్! అంకుల్, పొంగుతున్నాయి, ఇప్పుడు కట్టేయాలా?” శ్రీజ అరుస్తాంది. పాలు పొంగి పొయ్యి చుట్టూ కారి, మంట నీలం పోయి ఎర్రగా తిరిగి ఆరిపోయింది. వాసన వస్తాంది.

“మంచిదేనమ్మా. ఎంత పొంగితే అంత మంచిది.”

ఉప్పు పెట్టినారు, పసుపు పెట్టినారు. శ్రీజ తన చున్నీ మడత పెట్టి గూట్లో పెట్టింది. లలిత్ బ్యాగులో నుంచి ఒక టీషర్టు లాగినాడు.

“అంకుల్, ఇది నిన్న జిమ్ముకు వేసుకున్నది. విడిచిందే. ఓకేనా?”

“యాక్, లలిత్!”

“ఆయనే కదా కట్టి విడిచిన గుడ్డ అన్నడు. ఏమంటరు అంకుల్?”

నేను ఆ టీషర్టు చూస్తాండాను. చెమట మరక గుండ్రంగా చంక కింద.

“ఓకేనప్పా,” అన్నాను. “పెట్టు.”

తల్లీకూతుర్లు తిరిగొచ్చినారు. నంద్యాల ఎట్లుండాదని నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. హరిణి మెడ వెనక ఎండకు కమిలి ఉండాది, బ్యాగు దులిపితే ఇసక రాలింది. సత్యభామ చీపురు తెచ్చి ఆ ఇసకను ఊడ్చి చేటలోకి ఎత్తింది, నా కండ్ల ముందరే, దాచకుండా. ఆషాఢం మొదలైంది.

గిన్నె పొయ్యి మీద ఉంటే ఆమె ఎప్పుడైనా పోవచ్చు. నా ఉపాయమే అది. కానీ పోలేదు. పొద్దున్నే లేచి పీజీకి పోతాది, వస్తాది, నాకు అన్నం పెడతాది. ఆమె ఉండేది ఎందుకో నాకు తెలియదు. పోతాదేమోనని ప్రతి సాయంత్రం సందు మలుపులో నుంచే మా కిటికీ వైపు చూసేవాణ్ణి, లైటు ఉండాదా లేదా అని.

ఒక పొద్దు పిల్లప్ప పిలిచినాడు. మెట్ల మీద కూర్చుని ఆకూ వక్కా నములుతాండాడు.

“ఏనప్పా ఆవులప్పా, శ్రావణంలో కాళీ చేస్తారంట కదా. నీ పెండ్లాం చెప్పింది.”

“నేను చెప్పలేదు కదా.”

“నువ్వెప్పుడు ఏం చెప్పినావులే. నువ్వుంటే ఉండప్పా, ఎవరొద్దన్నారు? ఒక్కనికి అంత ఇల్లు ఎందుకు, మెట్ల కింద రూము ఉండాది. వెనకింటికి మాత్రం మనుషుల్ని తీసకరా. నీకు కమీషను కూడా ఇస్తాను.”

ఆయన ఎగతాళి చేయలేదు. అదే బాధ. ఎగతాళి అయితే తిరిగి ఒక మాట అనొచ్చు.

ఆదోని దిక్కు నుంచి వచ్చిన ఒక జంటను తీసకపోయినాను. అతను టైల్స్ వేస్తాడంట, ఆమె కడుపుతో ఉండాది. నా ఇంటి తలుపు నేనే తట్టినాను. సత్యభామ తీసింది, పక్కకు జరిగింది, మళ్ళీ పోయి ఉల్లిగడ్డలు కోసుకుంటా కూర్చుంది.

“ఇది హాలు,” అన్నాను. “గాలీ వెలుతురూ బాగుంటాది. నీళ్ళకు ఇబ్బందే లేదు.”

“శనివారం రావు,” అంది సత్యభామ తలెత్తకుండా.

“శనివారం ఒక్కటే.”

“వానాకాలం ఆ మూల కురుస్తాది. మంచం ఇటు వేసుకోమ్మా.”

టైల్స్ పిల్లోడు నన్ను చూసి నవ్వాలా వద్దా తెలియక గోడ తట్టి చూసినాడు. ఆ పిల్ల మాత్రం సత్యభామ పక్కన గొంతుక్కూర్చుంది.

“ఇంత బాగుంటే మీరెందుకు కాళీ చేస్తాండారక్కా?”

సత్యభామ కత్తిపీట మీద నుంచి చెయ్యి తీసి నా వైపు చూపించింది.

“ఆయన్ని అడుగు. ఇండ్ల సంగతి ఆయనకు బాగా తెలుసు.”

ముగ్గురూ నా వైపు చూస్తాండారు. బాత్రూము చూపిస్తాను రాండి అన్నాను.

వాళ్ళు పోయినాక తలుపు వేసి గడియ పెట్టినాను.

“నాకు చెప్పకుండా నంద్యాల అని అబద్ధం చెప్పి పోయినావు.”

“ఊరి పేరు అబద్ధం. కానీ నిన్ను అడిగే పోయినాను.”

“ఏమడిగినావు?”

“చొక్కా.”

నాకు తెలుసు ఆ మాటే వస్తాదని. తెలిసి కూడా తట్టుకోలేకపోయినాను.

“చొక్కా అన్నావు. వైజాగు అనలేదు.”

“వైజాగు అని ఉంటే ఇచ్చేవాడివా?”

బయట ట్యాంకరు వచ్చింది. పిల్లప్ప పైపు కోసం కేకలు పెడతాండాడు.

“మూడు గుడ్డలు పెట్టాలని పోయినాను,” అంది సత్యభామ. “నా చీర, పిల్లది చున్నీ పెట్టినాను. గూట్లో ఇంకా చోటుండాది. నీ బీరువాలో నుంచి దొంగతనంగా తీసకపోయి ఉండొచ్చు. తీసకపోలేదు. చెప్పకుండా పెట్టిన గుడ్డకు మనిషి వస్తాడా?”

“ఇదంతా నేను కల్పించిందే. ఉత్త మాట. నీకు తెలియదా?”

“తెలుసు. అయినా నువ్వు నమ్మేది ఇంకేముండాది? అందుకే నీ మాట ప్రకారమే చేసినాను.” ఉల్లిగడ్డల కండ్లనీళ్ళు మోచేత్తో తుడుచుకుంది. ఉల్లిగడ్డలవే అనుకుంటాను. “ఆషాఢం అయ్యేదాకా ఉంటాను. ఈలోపల ఆ పక్కకు ఎవరన్నా పోతే నీ గుడ్డ పంపించు. ఆషాఢం దాటితే గుడ్డలతో పని లేదు. అది కూడా నువ్వు చెప్పిందే.”

అవును. నేను చెప్పిందే. సామాను రాకముందు గుడ్డ మనిషి లెక్క. సామాను దిగినాక మనిషే మనిషి. ఎంతమందికి చెప్పినానో.

నడి ఆషాఢంలో గిరిధర్ ఫోను చేసినాడు.

“ఆవులప్ప గారూ, రేపు కార్లో వైజాగ్ వెళ్తున్నానండి. సత్యభామ గారు మిమ్మల్ని అడగమన్నారు, ఏమైనా పంపేది ఉందా అని.”

నేను అప్పుడు ఒక గేటు ముందర నిలబడి ఉండాను. లోపల ఓనరు కూతురు. ‘మేము డైరెక్టుగా ఇచ్చుకుంటున్నాం, బ్రోకర్లు వద్దు’ అని గేటు సందులో నుంచే చెప్పి పోయింది. నా ఒంటి మీద తెల్ల చొక్కా. పొద్దున ఉతికిందే, అప్పటికే వీపుకు అతుక్కుని ఉండాది.

“ఏమైనా ఉందాండి?”

“ఏం లేదు,” అన్నాను. “ఏమీ లేదని చెప్పండి.”

ఆ పూట ఇంటికి పోతే సత్యభామ నా ముఖం చూసింది. కంచం పెట్టి, నెయ్యి కొంచెం ఎక్కువే వేసింది. అట్లా వేస్తే నాకు కోపం వస్తాదని ఆమెకు తెలుసో లేదో.

ఆషాఢం చివరి దినం భీమన అమావాస్య. ఈ ఊర్లో ఆడోళ్ళు మొగుడి కాళ్ళు కడిగి పూజ చేస్తారు. మా దిక్కు లేదు ఆ ఆచారం. సత్యభామ పిల్లప్ప భార్యను చూసి నేర్చుకున్నది. ఆ పొద్దు చేయదనుకున్నాను. చేసింది. పళ్ళెంలో నా కాళ్ళు పెట్టించి, నీళ్ళు పోసి, పసుపు రాసింది. పగిలిన మడమల్లో పసుపు ఇరుక్కుంటే బొటనవేలితో లాగి మరీ తుడిచింది.

“ఎన్ని ఇండ్ల మెట్లు ఎక్కినాయో ఈ కాళ్ళు,” అంది.

హరిణి తలుపు కాడ నిలబడి చూస్తాంది. ఇప్పుడు చెప్పు నాయినా, ఇప్పుడు చెప్పు అని దాని కండ్లు. నేను పళ్ళెంలో పసుపునీళ్ళు చూస్తాండాను. సత్యభామ ఆ నీళ్ళు తీసకపోయి పిల్లప్ప నిమ్మచెట్టుకు పోసింది. పళ్ళెం కడిగి, తుడిచి, అట్టపెట్టెలో సర్దింది.

శ్రావణం మొదటి శుక్రవారం పోతామన్నారు. సామాను గిరిధర్ లారీలో ముందే పోయింది. నాకని ఒక చాప, రెండు గిన్నెలు, ఒక గ్యాసు పొయ్యి వదిలిపెట్టినారు. గురువారం సాయంత్రం ఇస్త్రీ బండి కాడికి పోయి, ఉండే రెండిట్లో మంచి చొక్కా ఇచ్చినాను.

“రేపు ఇండ్లు చూపించేది ఉండాదా అన్నా?” అన్నాడు వాడు.

“గంజి పెట్టి చెయ్యి. మడత గట్టిగా ఉండాల.”

మడివాళలో పొడుగు బస్సులన్నీ సాయంత్రం కాకముందే బయలుదేరతాయి. రోడ్డు పక్కన సూట్‌కేసులు, పూలమ్మేవాళ్ళు, ట్రాఫిక్కు పోలీసు విజిలు. బెజవాడ, నెల్లూరు, వైజాగు అని క్లీనర్లు అరుస్తాండారు. ఇరవై ఏండ్లుగా నేను ఆ చోట కాచుకుని ఉండేది దిగేవాళ్ళ కోసం. కొత్తగా దిగి, బ్యాగు పట్టుకుని దిక్కులు చూసే పిల్లోళ్ళ కోసం. ఎక్కేవాళ్ళను ఎప్పుడూ పట్టి చూడలేదు. ఎంతమంది ఎక్కుతారో.

ఇస్త్రీ చొక్కా ప్లాస్టిక్కు కవర్లో పెట్టి చంకలో పెట్టుకుని ఉండాను. హరిణి చూసింది. వాళ్ళమ్మ మోచేతిని తట్టింది. సత్యభామ కూడా చూసింది. చూసి, బ్యాగులు లెక్కపెట్టుకుంటా ఉండిపోయింది. నేనిస్తానని ఆమె, ఆమె అడుగుతాదని నేను. క్లీనరు డిక్కీ మూసేసినాడు.

“నీళ్ళ ట్యాంకరు శనివారం కూడా పిలిపించుకో,” అంది. “చల్లటి మజ్జిగ తాగొద్దు, దగ్గొస్తాది.”

“నాకు తెలుసులే.”

ఎక్కినారు. కిటికీ పక్క సీటు సత్యభామది. అద్దం పక్కకు జరిపింది. బస్సు గుర్రుమంది. అప్పుడు చెయ్యెత్తి కవరు కిటికీలో నుంచి లోపలికి పెట్టినాను. నా చెయ్యి నేను చెప్పకుండానే లేచినట్టు ఉండాది.

“గంజి పెట్టి ఇస్త్రీ చేయించినాను,” అన్నాను. “మడత చెడగొట్టొద్దు.”

సత్యభామ కవరు ఒళ్ళో పెట్టుకుంది. పైన అరచేత్తో ఒకసారి నిమిరింది, కాలరు దగ్గర నుంచి కిందికి. తర్వాత మళ్ళీ కిటికీలో నుంచి నా చేతికి ఇచ్చింది.

“ఆషాఢం అయిపోయింది కదయ్యా,” అంది. “ఇప్పుడు దీంతో పని లేదు. మనిషే రావాల.”

కోపంగా అనలేదు. కొత్తగా ఇల్లు తీసుకునేవాళ్ళకు నేను చెప్తానే, అట్లా చెప్పింది. నెమ్మదిగా, అర్థమయ్యేటట్టు.

బస్సు కదిలింది. హరిణి వెనక అద్దంలో నుంచి చెయ్యి ఊపిందో, కర్టెను సర్దుకుందో తెలియలేదు. సిల్కుబోర్డు సర్కిలు ట్రాఫిక్కులో చాలాసేపు నాకు కనపడతానే ఉండాది ఆ బస్సు. నడిచి పోయినా అందుకునేవాణ్ణి. ఆ సిగ్నలు కాడ బస్సులు ఎంతసేపు నిలబడతాయో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మెట్ల కింద రూములో ఉండాను. వెనకింట్లో టైల్స్ పిల్లోడి కాపురం. వాళ్ళు చేరిన పొద్దు ఆ పిల్ల నన్ను పిలిచింది, పాలు పొంగిస్తాండాము, పెద్దోళ్ళు మీరు ఉండాల అని. పోయి నిలబడినాను. ఆ ఇంట్లో పాలు పొంగడం నేను చూసింది అదే మొదలు.

సత్యభామ ఆదివారం ఫోను చేస్తాది. తిన్నావా అంటాది. ఆడ ఉక్క పోస్తాందా అంటాను. పోస్తాది, బాల్కనీలో కూర్చుంటే పోతాది అంటాది. రా అనదు. అనాల్సింది ఒకసారి అనేసింది కదా.

చొక్కా కవర్లోనే ఉండాది, కొక్కేనికి. ఇంకొకటి చిరిగిపోయింది, కాబట్టి రంగుదే వేసుకుని పోతాండాను ఓనర్ల దగ్గరికి. దిగేవాళ్ళ కోసం మడివాళకు పోయినప్పుడంతా చూస్తాను. ఆ వైజాగు బస్సు రోజూ పోతాది. ఒకటి రెండు సీట్లు కాళీగానే ఉంటాయి.